ఒకే వాకిట్లో మూడు ఇళ్ళు

ఇంటి ఆదాయం రాసుకోవడానికి కొత్తగా ఊళ్ళకు వెళ్ళే పిల్లలు నన్ను సలహా అడిగితే ఒక్కటే చెప్తాను. ఆదాయం సంగతి మొదట అడగకండి. కూర్చోండి. మంచినీళ్ళిస్తే తాగండి. ఈసారి మిర్చి ఎట్లా ఉందని అడగండి, బర్రె ఈనిందా అని అడగండి. సంపాదన ఎంత అన్న మాట ఎత్తగానే మా వైపు మనుషులు వేరే మనుషులైపోతారు. రేషన్ కార్డు పోతుందేమోనన్న భయంతో కొందరు సగమే చెప్తారు. పెళ్ళికెదిగిన కొడుకున్న ఇంట్లో రెండింతలు చెప్తారు.

పరకాల దగ్గర ఒక ఊళ్ళో ఒక పెద్దాయన నాతో లేని బోరుబావి, లేని ట్రాక్టరు రాయించాడు. నేను లేచి చెప్పులు తొడుక్కుంటుంటే, "పిల్ల తరపోళ్ళు ఎప్పుడొత్తరు సార్?" అని అడిగాడు. నన్ను ఆరా తీయడానికి వచ్చిన పెళ్ళిపెద్ద అనుకున్నాడు పాపం. నేను సర్కారు మనిషినని చెప్పాక ట్రాక్టరు కొట్టేయమన్నాడు. బోరు మాత్రం ఉండనివ్వమన్నాడు, వచ్చే ఏడు ఎట్లాగూ వేయిస్తాను కదా అని.

నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగింది. గణాంకాల ఆఫీసులో చిన్న ఉద్యోగంలో చేరి, ఊళ్ళు తిరిగి ఫారాలు నింపే పనిలోనే తల నెరిసింది. మధ్యగతం అన్న మాట నాకు ఏ కాలేజీ నేర్పలేదు. హనుమకొండ గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల మీద, అట్ట ఊడిన ఒక గణాంక శాస్త్రం పుస్తకం నేర్పింది. ఇంగ్లీషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకునేవాణ్ణి. ఒక్క పేజీకి ఒక సాయంత్రం పట్టిన రోజులున్నాయి. గ్రంథాలయం మూసే వేళకు అటెండరు వచ్చి ఫ్యాన్ ఆపితే గానీ లేచేవాణ్ణి కాదు. అక్కడి నుంచి మట్టెవాడలోని మా ఇంటికి సైకిలు తొక్కుకుంటూ, చదివినదాన్ని నాకు నేనే పైకి చెప్పుకునేవాణ్ణి. ఎమ్మెస్సీలు చేసి వచ్చిన కుర్రవాళ్ళు నా దగ్గరికి వచ్చి అనుమానాలు అడిగిన రోజున నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ మధ్యగతం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఊళ్ళోని ఇళ్ళన్నింటినీ ఆదాయం ప్రకారం ఒక వరుసలో నిలబెట్టామనుకోండి. ఈ కొసన ఏమీ లేని ఇల్లు, ఆ కొసన అన్నీ ఉన్న ఇల్లు. సరిగ్గా నడుమ నిలబడ్డ ఇంటికి ఎంత వస్తుందో అదే మధ్యగతం. సగటు ఎందుకు పనికిరాదంటే, ఎనుమాముల మార్కెట్లో అడ్తి, అంటే కమీషన్ కొట్టు, నడిపే ఆసామి ఒక్కడు ఆ ఊళ్ళో మేడ కట్టుకుని చేరితే చాలు, ఊరి సగటు లేచిపోతుంది. కూలి చేసుకునే ఇంట్లో మాత్రం నిన్నటి చారే ఇవాళా. నడుమ ఇల్లు అట్లా మోసం చేయదని నా నమ్మకం. అసలు ఇల్లు అంటే ఏది అన్న ప్రశ్న మాత్రం ఏళ్ళ తరబడి నాకు తట్టలేదు. ఎందుకంటే దానికి మా దగ్గర జవాబు అచ్చువేసి ఉంది. ఒక పొయ్యి మీద వండుకుని కలిసి తినేవాళ్ళంతా ఒక ఇల్లు. ఒకే కప్పు కింద ఉన్నా వంట వేరైతే వేరు ఇల్లు. అంతే.

మా పని ఒకసారితో అయ్యేది కాదు. కొన్ని ఊళ్ళను ఎంచుకుని, కొన్నేళ్ళకొకసారి అవే ఊళ్ళకు వెళ్ళి అవే ప్రశ్నలు అడగాలి. నడుమ ఇల్లు పైకి జరిగిందా, కిందికి జారిందా చూడాలి. పరకాల అవతల ఒక మిర్చి ఊరు నా వాటాకు వచ్చింది. ఆ ఊళ్ళో మొదటి విడత నేనే చేశాను. తుమ్ముకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ ఇల్లిల్లూ తిరిగాను. ఆ ఫారాల్లో ఒక్క కొట్టివేత లేదని పై ఆఫీసులో కూడా మెచ్చుకున్నారు.

రెండో విడత వచ్చేసరికి నేను రిటైర్మెంటుకు దగ్గరపడ్డాను. కాళ్ళు సహకరించక, ఆఫీసులో కూర్చుని ఇతరుల పని సరిచూసే, వాళ్ళ హాజరు వేసే సీటులోకి మారాను. ఊళ్ళు తిరిగేందుకు కాంట్రాక్టు మీద ఒక అమ్మాయిని తీసుకున్నారు. డిగ్రీ చదివింది, చురుకైంది. మొదటి వారం నన్ను సార్ అంది, రెండో వారం నుంచి కాకా అంది. ఫారాల కాలం పోయింది, చేతికి ట్యాబులు ఇచ్చారు. అది పట్టుకుని పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేది. ఏడాది ఒప్పందం ఆమెది. రోజువారీ హాజరు మీద జీతం. ఒప్పందం పొడిగిస్తే ఆ అనుభవం రేపు పర్మినెంటు ఉద్యోగాల లెక్కలోకి వస్తుంది. మధ్యలో మచ్చ పడితే ఇంకే ఆఫీసూ ఆమెను గడప ఎక్కనివ్వదు.

ఆమె పంపిన లెక్క వచ్చింది. వరుస పేర్చి చూస్తే నడుమ ఇల్లు దిగిపోయింది. కొద్దిగా కాదు, మెట్లు జారినట్టు. ఆ ఏడు మిర్చికి ధర బాగుందని మార్కెట్ చుట్టూ తిరిగే ఎవరినడిగినా చెప్తారు. మరి ఊరెట్లా చితికింది?

మా ఆఫీసరు చెడ్డవాడు కాదు. గట్టివాడు. ఎవరి దగ్గరా చాయ్ కూడా ఊరికే తాగడు. ఆయన కంప్యూటర్ తెర మీద ఆ ఊరి పటం తెరిచి నన్ను పిలిచాడు. ట్యాబులో ఒక ఇంటి వివరాలు నింపితే, నింపిన చోట పటంలో ఒక చుక్క పడుతుంది. ఆ అమ్మాయి చుక్కలు చాలాచోట్ల రెండేసి, మూడేసి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అంటే ఒకే చోట కూర్చుని మూడు ఇళ్ళు నింపింది. నెలకు ఇన్ని ఇళ్ళు పూర్తి చేయాలన్న నియమం ఉంది కాబట్టి, వానలో తిరగలేక ఒక్క ఇంటినే మూడుగా కోసి రాసిందని ఆయన అనుమానం. పక్కన నా పాత ఫారాలు పెట్టాడు. నా లెక్కలో ఆ వాకిళ్ళన్నీ ఒక్కొక్కటి ఒక్కో ఇల్లు.

ఆయన అనుమానంలో లెక్క తప్పలేదు. ముగ్గురు అన్నదమ్ములు ఒక ఇల్లుగా నిలబడితే ముగ్గురి సంపాదనా కలిసి వరుసలో పై కొసకు చేరతారు. ముగ్గురినీ విడదీస్తే ముగ్గురూ కింది సగంలోకి వచ్చి పడతారు. ఊళ్ళో ఇట్లాంటి వాకిళ్ళు చాలా ఉంటే నడుమ ఇల్లు జారక ఏం చేస్తుంది?

"మీరు రాస్తే ఒకటి, ఆమె రాస్తే మూడు. రెండూ నిజమెట్లయితయ్? ఏదో ఒకటి అబద్ధం కావాలె కద," అన్నాడు ఆఫీసరు.

నేను నాకు తెలిసిన శాస్త్రమంతా తీశాను. ఈ మధ్యలో అన్నదమ్ములు వేరుపడి ఉండవచ్చని, ఏ ఊళ్ళోనైనా కాలక్రమంలో ఇళ్ళు పెరుగుతాయని, పుస్తకాల్లో దానికి ఒక అధ్యాయమే ఉందని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఊరంతా కూడబలుక్కుని ఒకేసారి వేరుపడ్డదా అని అడిగాడు.

ఆ అమ్మాయిని పిలిపించాడు. ఆమె గోడ పక్కన నిలబడింది. "పొయ్యి కండ్లతోటి చూడంది ఒక్క ఇల్లు గూడ రాయలే సార్," అంది. ఆఫీసరు ఆ సోమవారం నుంచి ఫీల్డుకు వెళ్ళవద్దన్నాడు. తప్పుడు వివరాలు నింపిందని నెలాఖరు రిపోర్టులో రాస్తానన్నాడు.

ఆ రాత్రి నా పాత ఫారాలు మళ్ళీ తిరగేశాను. ఆమెది నిజమైతే నాది అబద్ధం. నాది నిజమైతే ఆమె బతుకు మీద మచ్చ. నా ఫారాల మీద నాకు అనుమానం లేదు, అదే చిక్కు. ఆ వాకిళ్ళలో నేను నిలబడ్డాను. ఒకే పొయ్యి చూశాను. ఆమె కళ్ళలోకి చూస్తే ఆమె మీదా అనుమానం రావడం లేదు. మర్నాడు పొద్దున ఆఫీసరు గదిలోకి వెళ్ళి, ఒక్కరోజు ఆ ఊరికి పోయి వాకిట్లో నిలబడి చూద్దామని అడిగాను. ఆమెదే తప్పని తేలితే ఆ మాట నేనే రాసి సంతకం పెడతానన్నాను. నాదే తప్పని తేలితే అదీ రాస్తానన్నాను. ఆయన తానూ వస్తానన్నాడు. ఆమెను కూడా తీసుకెళ్దామన్నాడు.

ఆ గురువారం ఆఫీసు బండిలో బయల్దేరాం. వానాకాలం. ఆఫీసరు ముందు, మేమిద్దరం వెనక. ఆ అమ్మాయి దారంతా కిటికీలోంచి బయటికే చూస్తోంది. ఆమెను మాటల్లో పెట్టాలని నేను మళ్ళీ శాస్త్రం మొదలుపెట్టాను. హైదరాబాదు వలసల వల్ల కుటుంబాలు ఎట్లా చీలుతాయో, చీలితే మధ్యగతం ఎట్లా కదులుతుందో చెప్పుకుంటూ పోయాను. ఊరి పొలిమేర దాకా భరించి ఆఫీసరు వెనక్కి తిరిగాడు. "మీ లైబ్రరీ జర బంద్ పెట్టుండ్రి పెద్దమనిషీ. పొయ్యి ఏం జెప్తదో విందాం," అన్నాడు. డ్రైవరు నవ్వాడు. ఆ అమ్మాయి కూడా ముసిముసిగా నవ్వినట్టే అనిపించింది. అందుకని నేను బాధపడలేదు.

పొద్దుటి వంటల వేళకు ఊళ్ళోకి దిగాం. చుక్కలు మూడు కలిసి పడిన ఒక వాకిలికి నేరుగా వెళ్ళాం. నా పాత లెక్కలో అది ఒక్క ఇల్లు. అరుగు మీద ఒక ముసలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఆమెకు ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు. వాకిలికి ఎదురుగా మూడు గదులు వరుసగా ఉన్నాయి. ఆఫీసరు చెప్పులు విడిచి ముసలమ్మ అనుమతి అడిగి ఒక్కో గదిలోకి తొంగి చూశాడు. మూడు గదుల్లో మూడు గ్యాసు పొయ్యిలు. ఒకదాని మీద బీరకాయ, ఒకదాని మీద టమాట పప్పు, మూడోదాని మీద కోడిగుడ్ల పులుసు. పక్క వాకిట్లోకి వెళ్ళాం, అక్కడా ఇట్లాగే. ఆ పక్కదీ ఇంతే.

ఆ అమ్మాయి రాసింది అక్షరం పొల్లుపోలేదు. ఆమె ట్యాబును గుండెలకు ఆనించుకుని నిలబడింది. ఆఫీసరు నా వైపు తిరిగాడు. ఆయన చూపులో కోపం లేదు, జాలి ఉంది. ముప్పై ఏళ్ళ నౌకరీలో నన్నెవరూ అట్లా చూడలేదు. అయినా, నిజం చెప్తున్నాను, ఆ అమ్మాయి గట్టెక్కిందన్న తెరిపి ముందు కలిగింది. నా గతేమిటన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది.

నేను మళ్ళీ మొదటి వాకిట్లోకి వచ్చి ముసలమ్మ పక్కన కూర్చున్నాను. ఆమెను నిలదీయాలని కాదు. నా కళ్ళు నన్ను ఎట్లా మోసం చేశాయో తెలుసుకోవాలని. కొన్నేళ్ళ కింద ఇదే వాకిట్లోకి వచ్చానని, అప్పుడు ఒక్కటే పొయ్యి మీద పెద్ద గంజులో అన్నం ఉడకడం చూశానని, తర్వాత ఎప్పుడు వేరుపడ్డారని అడిగాను.

ముసలమ్మ చేట ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "గప్పుడు మిరపకాయ ఏరుడు కద బిడ్డా," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె విడమరిచింది. "ఏరుడు మొదలైతే కోడండ్లు ముగ్గురు తెల్లారకముందే చేన్ల ఉంటరు. కూలోళ్ళు యాడ దొరుకుతాండ్రు? ఎవలకు వాళ్ళు వండుకుంట కూసుంటే కాయ ఎవలు ఏరాలె? గందుకే గా బయటి పొయ్యి ముట్టిత్త. అందరికి నేనే వండుత, సద్ది గూడ నేనే కట్టిత్త. కాయ మార్కెట్‌కు పోయినంక మల్ల ఎవల పొయ్యి వాళ్ళదే."

వాకిలి మూలన ఒక రేకు ఉంది. దాని కింద పెద్ద మట్టిపొయ్యి, పక్కనే తడవకుండా పేర్చిన కట్టెలు. అందాకా మా ముగ్గురిలో ఎవరమూ దాన్ని పట్టించుకోలేదు.

పెద్దకోడలు గడపలోకి వచ్చి, "గా మూడు నెలలు మా అత్త చేతి కారం తిని కడుపు మండుతది సార్. గందుకే మల్ల వేరు వండుకుంటం," అంది. ముసలమ్మ తల తిప్పకుండానే, "నా కారం తినే గన్నేసి బస్తాలు ఏరినవ్, యాదికుంచుకో," అంది. లోపలి నుంచి మిగతా ఇద్దరు కోడళ్ళ నవ్వు వినిపించింది.

మొదటి విడత ఏ నెలలో చేశారని ఆఫీసరు నన్ను అడిగాడు. ఫిబ్రవరి అన్నాను. ఊరంతా కల్లాల్లో మిరపకాయ ఎండుతుంటే తుమ్ములాపుకోలేక రాసుకున్నానన్నాను. ఈ విడత వానల్లో ఎందుకు పడిందని మాత్రం ఆయన నన్ను అడగలేదు. సర్వే డబ్బు ఆలస్యంగా వచ్చిందని దాన్ని వానాకాలానికి జరిపిన కాగితం మీద సంతకం ఆయనదే. ఆయన అరుగు మీద మెల్లగా కూర్చున్నాడు.

"మనమెవ్వరం రూలు తప్పలే," అన్నాడు. "అదే కద బాధ."

ముసలమ్మకు ఆయన ముఖం చూసి ఏమనిపించిందో, నీ ఇల్లెక్కడ బిడ్డా అని అడిగింది. కుటుంబం హైదరాబాదులో ఉంటుందని, తాను హనుమకొండలో ఒక గది తీసుకుని వండుకుంటానని, శనివారం వెళ్ళి వస్తానని ఆయన చెప్పాడు.

"అయితే నీయి రెండిండ్లన్నట్టు."

"సర్కారు కాయితాల ఒక్కటే అవ్వా."

"గదేం లెక్క," అని ఆమె మళ్ళీ బియ్యం ఏరుకుంది.

ఆ రోజంతా వాకిలి వాకిలీ తిరిగాం. ఇప్పుడు ఎట్లా వండుకుంటున్నారని కాకుండా, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎట్లా వండుకుంటారని అడగాలని ఆ అమ్మాయే అంది. ఆమె ముందు నడిచింది, ఆమె అడిగింది, నేను పక్కన నిలబడి నా పాత ఫారాలతో పోల్చుకున్నాను. తుంపర మొదలైతే ఆఫీసరు గొడుగు విప్పి ట్యాబు తడవకుండా ఆమె మీద పట్టాడు. ఆయన భుజం ఒకవైపు పూర్తిగా తడిసింది.

తర్వాతి వారాల్లో నా పాత విడతను కూడా అదే పద్ధతిలో విడదీసి మళ్ళీ పేర్చాం. నడుమ ఇల్లు పడిపోలేదు. పరిగెత్తనూ లేదు. ఉన్నచోటి నుంచి కొంచెం పైకి జరిగింది, ఊళ్ళో ఎవరినడిగినా చెప్పగలిగినంత. జారింది మా క్యాలెండరు. అప్పటి నుంచి మా ఆఫీసులో ఏ ఊరికైనా అన్ని విడతలూ ఒకే కాలంలో వెళ్ళడం నియమమైంది. నేను ఆ తర్వాత కొద్ది నెలలకే రిటైరయ్యాను. ఇప్పటికీ సాయంత్రాలు గ్రంథాలయానికి వెళ్తాను. ఆ గణాంకాల పుస్తకం మీద నా గౌరవం ఏమీ తగ్గలేదు. అందులో చెప్పింది ఒక్కటీ తప్పు కాదు. మిర్చి కాపు గురించి రాసే పని దానిది కాదు కదా. మీరు ఎంత చదివినా చదవండి, ఊళ్ళోకి దిగాక మాత్రం ఇప్పుడు వీళ్ళకు ఏ పని నడుస్తోంది అని ముందు కనుక్కోండి.

ఆ గురువారం తిరుగు ప్రయాణం చెప్పి ముగిస్తాను. చీకటి పడుతుండగా బండి ఎక్కాం. కొంతదూరం పోయాక ఆఫీసరు ముందు సీట్లోంచి, రిపోర్టులో ఆ మాట రాయనని, ఒప్పందం పొడిగించే కాగితం రేపే పంపుతానని చెప్పాడు. ఆమె కృతజ్ఞతలు చెప్తుందనుకున్నాను. చెప్పకపోతే పక్కనుంచి నేనైనా గుర్తుచేద్దామనుకున్నాను కూడా. ఆమె చున్నీ కొసతో ట్యాబు మీది తడి తుడుస్తూ నెమ్మదిగా అడిగింది.

"సార్, సోమవారం నుంచి నాకు హాజరు పడలే. ఇయ్యాల నేను చేసింది డ్యూటీయేనా, కాదా?"

వైపర్లు రెండు మూడుసార్లు అద్దం మీద అటూ ఇటూ పోయాయి. ఆఫీసరు వెనక్కి తిరిగి ఆమెను కాదు, నన్ను చూశాడు.

"సోమవారం నుంచే వెయ్యిండ్రి," అన్నాడు.

ఆమె తల ఊపింది. ట్యాబు ఆపేసి సంచిలో పెట్టుకుంది. సీటుకు చేరగిలబడి, పరకాల రాకముందే నిద్రపోయింది.